మెత్తటి సీసా

కొలతలమ్మ అన్న పేరు ఆమెకు ఇంట్లో పెట్టింది కాదు. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుగా చేరిన రెండో ఏడే పిల్లలు పెట్టారు. గాజుగొట్టంలో నీళ్ళు గీత మీద వెంట్రుకవాసి ఎక్కువుంటే వంచి పారబోయించే మనిషికి ఇంకేం పేరు పెడతారు? ఆ పేరు మెల్లగా కాలేజీ గేటు దాటి వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి వచ్చేసింది. మరిది "కొలతల వదినా" అని పిలిచినప్పుడల్లా పైకి విసుక్కునేది గాని, లోపల ఆమెకు అది బిరుదే.

ఆ బుధవారం పొద్దున సెలవు పెట్టి మరీ, వంటింటి బల్ల మీద తొమ్మిది గాజు సీసాలు, ఒక ప్లాస్టిక్ సీసా కడిగి బోర్లించింది. పక్కన జాడీలో అల్లం తురుము నురగలు కక్కుతోంది. అయిదు రోజులుగా దానికి పూటపూటా చక్కెర వేస్తోంది. "మేకపిల్లకైనా ఇంత మేపరు వదినా" అని మరిది రోజూ ఒకసారి జాడీలోకి తొంగిచూసి పోతున్నాడు. ఆ నురగే ద్రాక్షరసం కలిపిన నిమ్మరసంలో పడితే, మూడు నాలుగు రోజుల్లో బజారులో కొన్న సోడా ఎందుకూ పనికిరాదన్నట్టు నాలుక మీద చిటపటలాడుతుంది.

ఇదంతా తోడికోడలి కోసం. సోమవారం పదింటికి రెడీమేడ్ బట్టల కార్ఖానాలో ఆమెకు కత్తిరింపు పరీక్ష. ఎదురింట్లో ఉండే ఆసుపత్రి నర్సమ్మ భర్త ఆ కార్ఖానాలోనే స్టోరు చూస్తాడు. కటింగు టేబులు దగ్గర చోటు ఖాళీ అయిందని, తానే మాట వేశానని కబురు తెచ్చింది ఆయనే. పన్నెండేళ్ళుగా కిటికీ పక్కన మిషను వేసుకుని ఇరుగుపొరుగు గౌన్లు కుడుతున్న మనిషికి, అద్దాల గదిలో పొడవాటి బల్ల, నెల జీతం, పేరు రాసిన అట్టముక్క. ఆ అట్టముక్క మెడలో ఎలా వేసుకుంటారో ఆమె ఇప్పటికే అద్దం ముందు టేపుతో చేసి చూసుకుంది. ఆదివారం పదిమందిని భోజనానికి పిలుద్దామని మరిది అంటే, తాగడానికి ఏం ఇవ్వాలో నాకొదిలేయండని కొలతలమ్మ అంది.

"ఈ గుడ్డ చాలా అక్కా?" అంటూ తోడికోడలు పల్చటి నూలుగుడ్డ తెచ్చింది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని చిదిపిన నల్లద్రాక్షను మెలితిప్పి పిండారు. రసం గిన్నెలోకి ముదురు రంగులో దిగింది. నిమ్మకాయలు పిండడం తోడికోడలి వంతు. ఒక్క గింజ పడకుండా వేళ్ళ సందుల్లోంచి పిండుతుంది. ఆమె మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది గాని అది అలంకారానికే. మనిషిని ఎగాదిగా ఒకసారి చూసి, గుడ్డ మీద జానెడు పెట్టి, బొటనవేలితో గీటు పెట్టి కత్తెర వేసేస్తుంది. కుట్టాక అతికినట్టు సరిపోతుంది. అది కొలతలమ్మకు ఈ పన్నెండేళ్ళలో మింగుడుపడని సంగతి.

తోడికోడలు చెంచాతో రుచి చూసి మొహం ముడిచింది. "పుల్లగా ఉందక్కా. ఇంకో చెంచా చక్కెర పడాలి."

"లీటరుకి ఎనభై గ్రాములు. ఒక్క పలుకు ఎక్కువ పడదు. ఇది నీ గౌను కాదు, కంటితో కొలవడానికి."

"సరే తల్లీ, మీ మాటే." ఆమె నవ్వి చెంచా తొట్టిలో పడేసింది.

గాజు లోపల ఏం జరుగుతోందో గాజు చెప్పదు. అందుకే ప్లాస్టిక్ సీసా. అన్నిట్లో పోసిందే అందులోనూ పోసి బిగిస్తారు. బొటనవేలితో నొక్కితే సొట్టపడినంత కాలం లోపల గ్యాసు ఇంకా చాలలేదని లెక్క. రాయిలా గట్టిపడిందా, తయారైనట్టే, ఆ క్షణమే అన్నిటినీ ఫ్రిజ్జులోకి తోసేయాలి. ఆలస్యం చేస్తే గాజు ఊరుకోదు. ఈ సంగతి కొలతలమ్మ ఇంట్లో అందరికీ పాఠంలా చెప్పింది. సీసాలను మిషను వెనక అరలో వరసగా పేర్చి, తాను తప్ప ఎవరూ ముట్టుకోకూడదంది. చేతిసంచిలోంచి నోటుపుస్తకం తీసి తేదీ, టైము, చక్కెర తూకం రాసి కింద గీత కొట్టింది.

గురువారం పొద్దున నొక్కి చూసింది. మెత్తగా ఉంది. మూత తిప్పి, ఒక చెంచాడు రుచి చూసి, మళ్ళీ బిగించింది. "పులుపు సరి. బుడగ తక్కువ" అని రాసుకుంది. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విడవకుండానే మళ్ళీ అదే పని.

మిషను తొక్కుతున్న తోడికోడలు ఆగి చూసింది. "రోజూ అలా మూత తియ్యచ్చా అక్కా?"

"రుచి చూడకుండా ఎలా తెలుస్తుంది? నువ్వు నీ కత్తెర చూసుకో, సీసాలు నేను చూసుకుంటాను."

మిషను మళ్ళీ కదిలింది. శుక్రవారం రెండు పూటలా నొక్కింది. మెత్తగానే ఉంది. రెండు పూటలా రుచి చూసింది. శనివారం పొద్దున ఎండ అప్పుడే గోడల్ని కాలుస్తోంది, సీసా మాత్రం పసిపిల్ల బుగ్గలా లోపలికి పోయింది. "ఇంకా కాలేదు. రేపు పొద్దుటికి అందుకుంటుంది" అని మరిదికి చెప్పి, పుస్తకంలో రాసి, స్నానానికి వెళ్ళింది.

తోడికోడలు మిగిలిన గుడ్డముక్కల్ని సన్నగా చీల్చి, గాజు సీసాల మెడలకు పువ్వుల్లా ముడివేస్తోంది. ముట్టుకోవద్దన్నారు గాని, ఆదివారం బల్ల మీద బోసిగా ఉంటే ఏం బాగుంటుంది? నాలుగో సీసా మెడను కుడిచేత్తో పట్టుకుని, ముడి బిగించడానికి ఎడమచేత్తో కొస లాగింది.

చప్పుడు వీధి చివరిదాకా వినబడిందట. కొలతలమ్మ తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చేసరికి మిషను మీద, గోడ మీద, సగం కుట్టిన తెల్ల గౌను మీద ద్రాక్షరసం కారుతోంది. అందులో ఏది రసమో ఏది నెత్తురో తెలియడం లేదు. తోడికోడలు నేల మీద కూర్చుని తన చేతినే వింతగా చూసుకుంటోంది. అరిచింది మరిది. ఆమె అరవలేదు.

నర్సమ్మ పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళారు. బొటనవేలి మొదట్లో తొమ్మిది కుట్లు పడ్డాయి. "నరం తెగలేదు, బతికిపోయారు" అన్నాడు డాక్టరు. "మూడు వారాలు కదపకండి. తర్వాత కత్తెర పట్టుకోవచ్చు."

వరండాలో బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. నర్సమ్మ కట్టు సరిచేస్తూ అడిగింది, "అసలెలా పేలిందమ్మా?"

ఆ ప్రశ్న ఎవరిని అడిగిందో గాని, జవాబు కొలతలమ్మ నోట్లో సిద్ధంగా ఉంది. భయానికి నోరు ముందు పరుగెత్తుతుంది. "చక్కెర ఎక్కువై ఉంటుంది. ఇంకో చెంచా పడాలని బుధవారమే అంది. నేను వద్దన్నాను. నేను చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు వేసేసి ఉంటుంది."

మరిది భార్య వైపు తిరిగాడు. "వేశావా?"

"లేదు."

"మరి ఊరికే పేలుతుందా? వదిన పూటపూటా రాసిపెట్టింది, చూడు." కొలతలమ్మ అప్పటికే సంచిలోంచి పుస్తకం తీసి ఒళ్ళో తెరిచి పెట్టుకుంది. ఎందుకు తీసిందో తరవాత ఎంత ఆలోచించినా ఆమెకు తోచలేదు. మరిది ఆ అంకెల మీద వేలు పెట్టి చూపించాడు. "ఇంత కచ్చితంగా చేసే మనిషి పక్కనుండగా కూడా నీ ఇష్టమొచ్చినట్టు చేస్తావు. ఒకళ్ళు చెప్పిన కొలత ఒక్కరోజైనా విన్నావా? సోమవారం ఏ చెయ్యి పెట్టుకుని వెళ్తావు?"

తోడికోడలు ఒకసారి పుస్తకం వంక చూసింది. ఒకసారి కొలతలమ్మ మొహంలోకి చూసింది. నర్సమ్మ "అయ్యో, తొందరపాటు" అని నాలుక చప్పరించి కత్తెరతో కట్టు కొస తెంపింది. ఆ రాత్రి కొలతలమ్మ పుస్తకంలో చివరి వరస రాసింది: "కారణం: చక్కెర ఎక్కువ." రాశాక నిద్ర బాగా పట్టింది.

కార్ఖానా మేనేజరు మంచివాడే. ఆదివారం భోజనాల పిలుపులు మాన్పించి మరిది ఫోను చేస్తే, మూడు వారాలు ఆగుతామన్నాడట. "దెబ్బ ఎవరికైనా తగులుతుంది, ఆవిడ చేతిపని మా స్టోరాయన చూశాడు" అన్నాడట. ఇల్లు కాస్త ఊపిరి పీల్చుకుంది. తోడికోడలు కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో కూరగాయలు తరగడానికి కూర్చుంది. వంకరటింకరగా పడ్డ ముక్కల్ని చూసి తనే నవ్వింది. కొలతలమ్మ నవ్వలేదు. ఆమె మనసు ఇంకా సరిగ్గా కుదురుకోలేదు. తొమ్మిదింట్లో ఒకటే పేలింది, మిగతా వాటిని తువ్వాలు కప్పి జాగ్రత్తగా పారబోయాల్సి వచ్చింది. సరైన కొలతతో చేస్తే ఇలా కాదని ఎవరికో రుజువు చేసి చూపించాలనిపించింది. ఎవరికో ఏమిటి, తోడికోడలికే. ఆమె ఇంకా "వేశాను" అని ఒప్పుకోలేదు మరి.

సోమవారం జాడీలో మిగిలిన నురగతో మళ్ళీ కలిపింది. ఈసారి వంటింట్లోకి ఎవరినీ రానివ్వలేదు. లీటరుకి ఎనభై గ్రాములు, రెండుసార్లు తూచింది. గాజు జోలికి పోకుండా రెండు ప్లాస్టిక్ సీసాల్లో పోసి, ఒకదాని మీద "పరీక్షకు" అని, రెండోదాని మీద "చూపించడానికి" అని చీటీలు అంటించింది. మొదటిదాన్ని రోజూ నొక్కింది, రుచి చూసింది, రాసుకుంది. రెండోదాన్ని వంటింటి అరలో వెనక్కి నెట్టింది.

గురువారం సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి మరిది గుమ్మంలోనే ఎదురొచ్చాడు. కార్ఖానా నుంచి ఫోను వచ్చిందట. వేరే మనిషిని పెట్టుకున్నారట. ఎందుకని మరిది అడిగితే, పని ఆగేది కాదు కదండీ అన్నారట. తోడికోడలు మిషను ముందు కూర్చుని, సూదిలో దారం లేకుండానే చక్రాన్ని ఎడమచేత్తో తిప్పుతోంది.

కొలతలమ్మకు ఏం చేయాలో తోచక వంటింట్లోకి వెళ్ళింది. చేతికి పని ఉంటే మనసు కుదుటపడుతుందని పరీక్ష సీసా నొక్కింది. మెత్తగా ఉంది. హమ్మయ్య, సరైన కొలతంటే ఇదీ అనుకుంది. ఇక రెండోదాన్ని పట్టుకెళ్ళి చూపిద్దామని చెయ్యి చాచింది.

అది రాయిలా ఉంది.

బొటనవేలితో నొక్కితే వేలే వంగింది గాని సీసా కదల్లేదు. అడుగుభాగం ఉబ్బి, బల్ల మీద నిలబెడితే బొంగరంలా ఊగింది. రెండు సీసాల్నీ పక్కపక్కన పెట్టింది. ఒకే గిన్నె. ఒకే చక్కెర. ఒకే రోజు. పంతొమ్మిదేళ్ళు ల్యాబులో పిల్లల చేత ఇలాంటి జోడీలు పెట్టించిన మనిషి, తేడా ఎక్కడుందో వెతకమని రోజూ చెప్పే మనిషి. వెతకాల్సిన పని కూడా లేకపోయింది. పుస్తకం తీసి పోయిన వారం పేజీ చూసింది. గురువారం ఉదయం: మెత్తగా ఉంది, రుచి చూశాను. గురువారం సాయంత్రం: మెత్తగా ఉంది, రుచి చూశాను. శుక్రవారం, శుక్రవారం, శనివారం. తప్పు ఇంకెవరిదీ కాదు. తన చేతిరాతతో, తేదీలతో సహా, ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉంది. మూత తీసినప్పుడల్లా ఆ సీసా ఊపిరి వదిలేసింది, గాజుసీసాలు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాయి.

ఆమె స్టూలు మీద కూలబడింది. సిగ్గు అంటే ఒళ్ళు వేడెక్కడం అనుకునేది ఇన్నాళ్ళూ. కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి.

వెంటనే లేచి వెళ్ళి చెప్పేయాల్సింది. చెప్పలేదు. పోయిన చోటును తిరిగి తెచ్చి, ఆ శుభవార్తతో పాటు ఈ మాట చెబితే తేలిగ్గా ఉంటుందనుకుంది. ఉత్త చేతులతో తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో ఆమెకు ఆ సాయంత్రం తెలిసింది.

శుక్రవారం పొద్దున కాలేజీకని బయలుదేరి కార్ఖానాకు వెళ్ళింది. మేనేజరు గది అద్దంలోంచి కటింగు టేబులు కనబడుతోంది. తెల్లగుడ్డ పొరలు పొరలుగా పరిచి ఉంది. ఎవరో సన్నటి అమ్మాయి మెడలో అట్టముక్క వేసుకుని, దాన్ని పదేపదే చేత్తో తడుముకుంటూ సుద్దతో గీతలు గీస్తోంది. కొత్తగా చేరిందని ఆ తడుముకోవడంలోనే తెలుస్తోంది.

"మూడు వారాలు ఆగుతామన్నారు కదండీ" అంది కొలతలమ్మ, తానెవరో చెప్పుకుని.

మేనేజరు పెన్ను మూతపెట్టి కాస్త ఇబ్బందిగా నవ్వాడు. "దెబ్బకేం లేదమ్మా, ఆగేవాళ్ళమే. కానీ మా స్టోరాయన వాళ్ళావిడ చెప్పిందట. చక్కెర కొలత ఇంత అని పక్కన మనిషి చెబుతున్నా వినకుండా వేసిందట కదా ఆవిడ. ఇక్కడ ఒక్క కత్తెర వేటుకు నలభై పొరలు తెగుతాయి. అరంగుళం సొంతబుద్ధికి పోతే నలభై చొక్కాలు పోతాయి. చెప్పిన కొలత వినని మనిషిని ఆ బల్ల దగ్గర ఎలా నిలబెట్టను?"

అంటే ఈ ఉద్యోగాన్ని తీసింది సీసా కాదు. సీసా మూడు వారాలే అడిగింది. మిగతాది తన నోరు తీసింది.

"ఆవిడ వెయ్యలేదండీ" అంది కొలతలమ్మ. "వద్దంటే చెంచా పక్కన పడేసింది. తప్పు నాది. పరీక్ష సీసా నేనే రోజూ తెరిచాను. ఇదిగో, రాసి ఉంది." పుస్తకం ఆయన ముందుకు తోసింది.

ఆయన పుస్తకాన్ని మర్యాదకి ఒకసారి చూశాడు. వరసలు, గ్రాములు, టైములు. పేజీ తిప్పి మెచ్చుకోలుగా తలాడించాడు. "ఇంత పద్ధతిగా రాసే మీరు తప్పు చేశారంటే నేను నమ్మాలా? తోడికోడలి కోసం నెత్తినేసుకుంటున్నారు. తెలుస్తూనే ఉంది." పుస్తకం మూసి రెండు చేతులతో తిరిగిచ్చాడు. "ఈ రోజుల్లో మీలాంటి మనిషి ఇంట్లో ఉండడం ఆవిడ అదృష్టమమ్మా."

ఇంకా రెండుసార్లు చెప్పింది. చెప్పిన కొద్దీ ఆయన కళ్ళలో గౌరవం పెరిగింది. అద్దం అవతల ఆ అమ్మాయి మొదటి వేటు వేసి, తలెత్తి ఎవరైనా చూశారా అని భయంగా చూసింది. ఆ పిల్లను లేపేయమని అడగడానికి కొలతలమ్మకు నోరు రాలేదు.

ఇంటికొచ్చేసరికి మరిది భోజనం చేస్తున్నాడు. తోడికోడలు ఎడమచేత్తో వడ్డిస్తోంది. కొలతలమ్మ కూర్చోలేదు. రెండు ప్లాస్టిక్ సీసాల్నీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. రోజూ మూత తీసిన సంగతి, అందుకే మెత్తగా ఉన్న సంగతి, చక్కెర ఎవరూ వెయ్యలేదన్న సంగతి. ఒక్క ముక్క మిగల్చలేదు.

మరిది ముద్ద చేత్తో పట్టుకునే మెల్లగా నవ్వాడు. "పోనీలెండి వదినా. మీరేమన్నా కావాలని చేశారా? మనిషన్నాక పొరపాటు జరగదా? కూర్చోండి, అన్నం తినండి."

అంతే. వరండాలో అరిచిన అరుపుకీ ఈ మాటకీ మధ్య ఆరు రోజులు. అదే సీసా, అదే తప్పు. తోడికోడలు గరిటె గిన్నెలో పెట్టి మొగుడి వంక చూసింది. "అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్తకుండ అంటారు, అత్త లేని ఇంట్లో కూడానా?" అంది. గట్టిగా కూడా అనలేదు. మరిది తల వంచుకుని కంచంలోకి చూస్తూ తిన్నాడు. కాసేపటికి చెయ్యి కడుక్కుని, డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఇద్దరే మిగిలారు. తోడికోడలు మిషను దగ్గరికి వెళ్ళి, ద్రాక్షమరక పడ్డ తెల్ల గౌనును ఒళ్ళో వేసుకుంది. నాలుగుసార్లు ఉతికినా మరక లేత ఊదాగా మిగిలింది. దాన్ని కత్తిరించి అక్కడ వేరే ముక్క వేయాలని చూస్తోంది. ఎడమచేతిలో కత్తెర నిలవడం లేదు.

"నాకు తెలుసక్కా" అంది తల ఎత్తకుండా.

"ఏం తెలుసు?"

"మూత తీసినప్పుడు చుస్సుమనేది. పూటకోసారి. మిషను దగ్గరికి వినబడేది. అంత గాలి పోతుంటే రోజూ అలా మూత తియ్యచ్చా అని అడిగాను కూడా. కత్తెర చూసుకో అన్నారు."

అడిగింది. అవును. కొలతలమ్మకు ఆ చెప్పులు విడవని సాయంత్రం మొత్తం గుర్తొచ్చింది. "మరి ఆసుపత్రిలో ఎందుకు చెప్పలేదే? ఒక్క మాట అంటే పోయేదిగా?"

"లేదు అన్నానుగా. అంతకన్నా ఏమనాలి? నా చెయ్యి నెత్తురోడుతుంటే ఆయన నా మొహం చూడలేదు, మీ పుస్తకం చూశారు. మీరూ పుస్తకమే చూశారు." కత్తెర పక్కన పెట్టింది. "నా దగ్గర పుస్తకం లేదక్కా. ఉన్నదల్లా ఈ చెయ్యే."

కొలతలమ్మ దగ్గరికి వెళ్ళి గౌను అంచు పట్టుకుంది. గుడ్డ బిగువుగా నిలిస్తే ఎడమచేతికి కాస్త వీలవుతుందని. తోడికోడలు వద్దనలేదు, రమ్మనలేదు. మళ్ళీ కత్తెర తీసింది. మరక చుట్టూ నెమ్మదిగా, ఆగి ఆగి తెంపుతోంది.

"పొద్దున కార్ఖానాకి వెళ్ళారట కదా. నర్సమ్మ వాళ్ళాయన చూశాడట. ఆ చోటు కోసమేనా?"

"ఆఁ."

"నిజం చెప్పారా?"

"చెప్పాను. మూడుసార్లు చెప్పాను."

కత్తెర ఆగింది. వారం రోజుల్లో మొదటిసారి తోడికోడలి కళ్ళలో ఏదో చిన్న ఆశ కదిలింది. అది చూడలేక కొలతలమ్మ గుడ్డ వంక చూసింది. అబద్ధం చెబితే బాగుండుననిపించింది. పంతొమ్మిదేళ్ళలో ఒక్క అంకె మార్చని మనిషికి అది కూడా చేతకాలేదు.

"ఏమన్నాడక్కా?"

"నేనుండడం నీ అదృష్టమన్నాడు" అంది కొలతలమ్మ.